మా సెంటర్ హాఫ్ మూసిన గుప్పిట

మొన్న ఆదివారం సంఘం గదిలో మీరు నలుగురూ బల్ల గుద్ది వాదించుకుంటూంటే నేను మూల కుర్చీలో ఉన్నాను. ముసలాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు. కునుకు కాదు, కళ్ళు మూసుకుని మొత్తం విన్నాను. ఆ పాతకాలంలో మన రేవు జట్టుకి ఫుట్‌బాల్ మైదానం నడిమధ్య ఆడిన సెంటర్ హాఫ్ నిజంగా అంత మొనగాడా, లేకపోతే ఇవన్నీ ముసలివాళ్ళు కోసే గొప్పలా అన్నది మీ తగువు. రంగంలో, అంటే ఈ రంగూన్ పట్నంలో, అలాంటి ఆటగాడు మళ్ళీ పుట్టలేదని ఒకరు. అసలైన ఫైనల్లో చేతులెత్తేసినవాడు గొప్పవాడేమిటని ఇంకొకరు. బూట్లకి భయపడి కాళ్ళకి గుడ్డలు చుట్టుకున్నాడటగా అని మూడో ఆయన. నాలుగో ఆయన సమోసా తింటూ అందరికీ తలూపాడు. ఆ ఆట జరిగేనాటికి మీలో ఒక్కరూ పుట్టలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అక్కడ వినేవాడే లేడు, నలుగురూ చెప్పేవాళ్ళే.

చివరికి ఒకడికి నేను గుర్తొచ్చాను.

"ఊలే, నువ్వు సూసినావు గదా. ఆయన గొప్పోడా కాదా? ఒక్క ముక్కలో సెప్పీ" అన్నాడు. బర్మావాళ్ళు చిన్నాన్నని పిలిచే పిలుపుతో మన పిల్లలు ఇప్పుడు ఊరందరినీ పిలుస్తున్నారు. పోనీ, బాగానే ఉంది.

"నాకు గుర్తు లేదురా" అన్నాను.

అది పచ్చి అబద్ధం. ఆయన కాలి గోళ్ళు కూడా నాకు గుర్తున్నాయి. మీరు వాదించుకుంటున్న బల్లకి సరిగ్గా పైన గోడమీద నా ఫొటో ఉంది. నేను పని మానిన ఏడాది మీ నాన్నలు నాకు దండ వేసి పెట్టారు. దాని కింద రాసిన మాట మీరంతా చదివే ఉంటారు: 'ఒక్క మనిషికీ దెబ్బ తగలకుండా వించి నడిపిన చెయ్యి'. ఇప్పుడు మన సంఘం ఈ ఏటి సంచికకి పని జ్ఞాపకం ఒకటి రాయమన్నారు, అంత జాగ్రత్త ఎలా వచ్చిందో కుర్రాళ్ళకి చెప్పమన్నారు. సరే, చెబుతాను. వినడానికి బాగుండదు.

నేను లివరు పట్టుకున్నది పంతొమ్మిది వందల ఇరవైల్లో, సేక్కాన్ రేవులో. అంతకు ముందు నాలుగేళ్ళు బస్తా మోశాను. బస్తా మోసినవాడికి లివరు దొరకడమంటే ఏమిటో మీకు తెలియదు. నడుము నిటారుగా పెట్టి నిలబడి చేసే పని. మా మేస్త్రీ గారు నన్ను వించి దగ్గర నిలబెట్టిన రోజున మా ఆవిడ వీధిలో అందరికీ బెల్లం పంచింది. వించి అంటే ఓడ మీది బరువులెత్తే యంత్రం. అప్పట్లో ఆవిరితో నడిచేది. అది ఒకటే బుసలు, ఒకటే చప్పుడు. పక్కవాడు చచ్చిపోతున్నానని అరిచినా వినపడదు. అందుకని ఓడ కొట్టు, అంటే సరుకు నింపే అడుగు గది, దాని నోటి దగ్గర ఒక మనిషి నిలబడి చేత్తో సైగ చేస్తాడు, వించి మనిషి ఆ చెయ్యి చూసి లివరు కదుపుతాడు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తు. అరచేత్తో కిందికి తడితే మెల్లగా దించు. చెయ్యి పక్కకి విసిరితే అటు తిప్పు. గుప్పిట మూస్తే ఆగు. బరువు గాలిలో వేలాడుతున్నా సరే, గుప్పిట విప్పేదాకా లివరు ముట్టుకోకూడదు. రేవులో అదే వేదం.

మా గేంగులో సైగ చేసే మనిషే మీరు వాదించుకుంటున్న సెంటర్ హాఫ్.

నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. పొట్టి మనిషి. కళింగపట్నం దగ్గర పల్లె. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను ఒరే తమ్ముడూ అనేవాడు. మాటలు తక్కువ, చెయ్యి ఎక్కువ. ఇంట్లో భార్యతో కూడా సగం సైగలేనని మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఆవిడ మటుకు దానికి రెట్టింపు మాట్లాడి సరిచేసేది.

మన జట్టు ఎందుకు గెలిచేదో మీరెవరూ చెప్పలేదు. చెబుతాను వినండి. మైదానంలో పదకొండుమందిలో తొమ్మిదిమంది మా గేంగువాళ్ళే. ఆయన రేవులో చేసే సైగలే అక్కడా చేసేవాడు. వేలు పైకి తిప్పితే బంతి పొడుగ్గా కొట్టు. అరచెయ్యి కిందికి తడితే నెమ్మది, తొందరపడకు. చెయ్యి విసిరితే ఆ పక్కకి. గుప్పిట మూస్తే బంతి కాలికింద పెట్టుకుని ఆగు. ఎదుటి జట్టు వాళ్ళు గొంతులు చించుకుని అరుచుకుంటూ ఆడేవారు, మనవాళ్ళు మూగవాళ్ళలా ఆడేవారు. వానలో, గోలలో, ఎవరి మాటా ఎవరికీ వినపడని చోట మా వాళ్ళకి ఇబ్బందే లేదు. పగలంతా అలాగే బతికేవాళ్ళం మరి.

ఆయన గోల్స్ కొట్టింది తక్కువ. అది నిజమే. చేతకానివాళ్ళని నిలబెట్టి వాళ్ళచేత కొట్టించేవాడు. మా రైట్ అవుట్, కుడి అంచున ఆడేవాడు, ఒకడుండేవాడు, గాలివానలా పరిగెత్తేవాడు గానీ ఎటు పరిగెత్తాలో తెలియదు. వాడికి దిక్కు చూపించి రంగమంతా పేరు తెచ్చిపెట్టింది ఆ చెయ్యే. గోలీ ఒక్కడు బర్మావాడు, లమ్మడాలో టీకొట్టు నడిపేవాడు. మేం కో అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అన్న అని. అతను మా సెంటర్ హాఫ్‌ని సయా అని పిలిచేవాడు, గురువు అని అర్థం. ఇంకెవరినీ అలా పిలవలేదు.

ఇక నా సంగతి. నాకు ఆట రాదు. తాడు బయట నిలబడి చూసేవాణ్ణి. కానీ నాకు ఒక పొగరుండేది. ఆయన చెయ్యి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని. రోజంతా ఆ చేతినే చూసేవాణ్ణి కదా. రానురాను చెయ్యి లేవకముందే తెలిసిపోయేది, భుజం కదిలిన తీరునిబట్టి. "అన్న సెయ్యి ఎత్తక ముందే నా లివరు కదులుతాది" అని టీకొట్లో కోతలు కోసేవాణ్ణి. ఒకసారి ఆయన విన్నాడు. నవ్వలేదు.

"అలగ సెయ్యకురా. సెయ్యి సూసినాకే కదుపు. నాను మనసు మార్చుకుంటే ఏటి సేస్తావు?" అన్నాడు.

నేను నవ్వేశాను.

ఆ ఏడు వానాకాలంలో మన జట్టు పెద్ద కప్పు ఫైనల్‌కి వెళ్ళింది. ఎదుటి జట్టు బూట్ల జట్టు, ఒక విదేశీ కంపెనీవాళ్ళది. మనవాళ్ళవి ఉత్త కాళ్ళు. సాయంత్రం ఆట. పొద్దున్న మా గేంగుకి ఒక ఓడ మీద పని. బియ్యం మిల్లుకి వచ్చిన యంత్రాల పెట్టెలు దింపాలి. మధ్యాహ్నానికి ఓడ ఖాళీ చేస్తే గేంగంతా ఆటకి వెళ్ళొచ్చని మేస్త్రీ గారు చెప్పారు. ఇంకేముంది, ఆ రోజు అందరి కాళ్ళకీ చక్రాలు.

మిగిలినవి రెండే పెట్టెలు. ఒకటి పైకి లాగాను. కొట్టులోంచి బయటికి వచ్చి డెక్కు మీద మనిషెత్తున ఊగుతోంది. సన్నగా వాన. అది ఊగడం ఆగాక జెట్టీ వైపు తిప్పాలి. ఆయన ఒక చేత్తో పెట్టె ఆపడానికి ముందుకి అడుగేశాడు, రెండో చెయ్యి లేపాడు. నాకు భుజం కనపడింది. ఇది దించమనే భుజమే అనుకున్నాను. లివరు వదిలాను.

చెయ్యి పూర్తిగా లేచేసరికి అది గుప్పిట.

వెంటనే వెనక్కి లాగాను. ఎంతసేపు? తుమ్మినంతసేపు. ఆ తుమ్ములోనే పెట్టె ఇనుప మూల ఆయన కుడిపాదం మీద ఆని లేచింది. ఆయన అరవలేదు. అరిచినా వించి చప్పుడులో నాకు వినపడేది కాదనుకోండి. నోరు తెరిచి మూయడం మాత్రం చూశాను. ఎత్తిన గుప్పిట అలాగే ఉంది, దించలేదు. పెట్టె ఊగడం ఆగేదాకా అలాగే నిలబడి, అప్పుడు గుప్పిట విప్పి, చెయ్యి జెట్టీ వైపు విసిరాడు. తిప్పాను. దించమన్నాడు. దించాను. ఆఖరి పెట్టె కూడా అలాగే దింపాం. నేను లివరుని రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన చేతిలో మాత్రం తేడా లేదు.

చూసినవాళ్ళు లేరు. ఓడ మీది దొర అటు తిరిగి కాగితం రాసుకుంటున్నాడు. కొట్టులోవాళ్ళు కిందున్నారు. ఆవిరి ఆపేసి పరిగెత్తాను. ఆయన తాళ్ళ చుట్ట మీద కూర్చుని కాలు వానలో పెట్టాడు. బొటనవేలూ పక్కవేలూ నల్లగా ఉబ్బిపోయాయి. గోరు లేచిపోయింది.

"అన్నా, దొరకి సెప్పి డాక్టరు కాడికి..." అన్నాను.

"నోరు ముయ్యి. ఎవులైనా సూసినారా?"

"నేదు."

"అయితే నువ్వూ సూళ్ళేదు."

"ఆట ఎలగ ఆడతావు అన్నా? ఇయ్యేల ఒగ్గీ. కాలు బాగోలేదని సెప్పీ."

"సెప్తే ఏటి జరిగిందంటారు. ఎక్కడ జరిగిందంటారు. ఆ పైన వించి మీద ఎవులున్నారంటారు." ఆయన తువ్వాలు చింపుతూ అన్నాడు. "కాలు నాది, లివరు నీది. కాలు రేపు మానతాది. లివరు పోతే నీకు మరి రాదు. నీ ఇంటిది నీళ్ళోసుకున్నాదని మా ఇంటిది సెప్పింది. ఎల్లు, బేగి తాళ్ళు సుట్టీ."

రేవు పద్ధతి అదే. మనిషికి దెబ్బ తగిలిందని దొర కాగితంలో పడితే లివరు మనిషి మళ్ళీ బస్తా కిందికే. ఇంకెప్పుడూ పైకి రాడు. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే రెండోమాట అనలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే ఆయన వద్దన్నప్పుడు నా కడుపులో చల్లగా అనిపించింది. సిగ్గులేకుండా రాస్తున్నాను. అనిపించింది.

సాయంత్రం ఆయన రెండు కాళ్ళకీ గుడ్డలు చుట్టుకుని మైదానంలోకి వచ్చాడు. ఒక్క కాలికి చుడితే ఆ కాలికేమైందని అడుగుతారు. రెండింటికీ చుడితే బురద కోసమనుకుంటారని ఆయన ఆలోచన. జనం బురద కోసమనుకోలేదు. నా పక్కనున్నవాడు "బూట్లు సూసి దడుసుకున్నాడు, ఇటు సూడు, సీమదొర నాగ కాళ్ళు సుట్టుకోనొచ్చినాడు" అన్నాడు. చుట్టూ నవ్వారు. బాబూ, మీలో మూడో ఆయన మొన్న చెప్పిన మాట పుట్టింది ఆ తాడు దగ్గరే. అది పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

మొదటి సగం బాగానే ఆడాడు. చేతులతో ఆడాడు, అంతే. తను నిలబడి పదిమందినీ తిప్పాడు. బంతి తన దగ్గరికి రాకుండా ఆటంతా తన చుట్టూ తిరిగేలా ఆడడం చూశారా ఎప్పుడైనా? నేను ఆ రోజు చూశాను. బూట్లవాళ్ళకి దిక్కు తోచలేదు. రెండో సగంలో ఒక బూటు వచ్చి ఆ కుడికాలి మీదే పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది సామెత కాదు, కళ్ళారా చూశాను. ఆయన పడిపోయి లేచాడు. ఆ తర్వాత కాలు ఈడుస్తున్నాడని నాకు తెలుస్తోంది. జనానికి మాత్రం బద్ధకిస్తున్నట్టు కనపడుతోంది.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా అది జరిగింది. ఇద్దరికీ గోల్ లేదు. బంతి బురదలో జారి వచ్చి సరిగ్గా ఆయన కుడికాలి ముందు ఆగింది. ఎదుట వాళ్ళ గోలీ బోర్లా పడి ఉన్నాడు. ఖాళీ గోలు. చిన్నపిల్లలు కూడా తన్నేస్తారు. జనమంతా ఒక్కసారి లేచారు. ఆయన కుడికాలు వెనక్కి తీశాడు. తీసిన కాలు ముందుకి రాలేదు. ఎడమకాలి మడమతో బంతిని పక్కకి, మా రైట్ అవుట్ వైపు నెట్టాడు. తన్నేస్తాడని వాడు నిలబడి చూస్తున్నాడు పాపం, వాడి తప్పేముంది? బంతి వాణ్ణి దాటిపోయింది. బూట్లవాళ్ళు అందుకుని అటు కొట్టారు. మనవాళ్ళంతా ఇటే ఉన్నారు. వాళ్ళు వెళ్ళి గోల్ కొట్టారు. ఓడిపోయాం.

"ఓర్నాయనో! ఎదరగా ఉన్న గోలు ఒగ్గీసినాడు! పిరికిగొడ్డు!" అని రైట్ అవుట్ బురదలో కూర్చుని ఏడ్చాడు. ఆ మాట మైదానం చుట్టూ తిరిగింది.

నాలుగు వారాలకి ఆ వేళ్ళు మానాయి. మానాయంటే వంకరగా అతుక్కున్నాయి. ఆయన ఒక్క రోజు కూడా పని మానలేదు. ఎడమకాలి మీద బరువేసి కొట్టు నోటి దగ్గర నిలబడేవాడు. చెయ్యి మటుకు అదే చెయ్యి. ఆ తర్వాత మరో రెండు ఆటలు ఆడించారు. పరిగెత్తలేకపోయాడు. మూడో ఆటకి పిలవలేదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఏడు మొదట్లోనే సంఘం ఒక తీర్మానం చేసింది, ఆయన ఆట మానేసే రోజున ఆయన ఫొటో కట్టించి గదిలో పెట్టాలని. అప్పటికి ఆ గోడ మీద ఆటగాడి ఫొటో ఒక్కటీ లేదు. ఫ్రేమ్ కూడా ముందే చేయించారు, టేకు ఫ్రేమ్, అద్దంతో. మన కూలి మనుషుల్లో ఒకడి మొహం గోడమీద ఉంటుందంటే అది మాకెంతో. ఆయనకి ఇంకా ఎంతో. పైకి అనలేదు గానీ భార్య చెప్పింది, ఫొటో దిగడానికి తెల్ల చొక్కా కుట్టించుకున్నాడట. ఫైనల్ తర్వాత మాట మారింది. ఫొటో పెట్టాలా వద్దా అని ఒక ఆదివారం మధ్యాహ్నం లమ్మడాలో పాత సంఘం గదిలో అందరినీ పిలిచారు. మేస్త్రీ గారు పెద్ద. మా సెంటర్ హాఫ్‌ని కూడా రమ్మన్నారు. తలుపు దగ్గర వెనక బెంచీ మీద కూర్చున్నాడు, తెల్ల చొక్కాలో.

మీరు మొన్న వాదించినవన్నీ ఆ రోజే అయిపోయాయి, కొత్తవేమీ లేవు. రైట్ అవుట్ లేచాడు. "ఆయన కొట్టిన గోల్స్ ఎన్ని? కాళ్ళాడించింది మేము, సెయ్యాడించింది ఆయన. ఆ సెయ్యి నాకుంటే నానూ ఊపుదును" అన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే. ఇంకొకాయన లేచి, "సిన్న సిన్న జట్ల మీద ఎవుడైనా గెలుస్తాడు, ఫైనల్లో నిలబడినోడే మొనగాడు" అన్నాడు. మరొకాయన "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నాదట, కాళ్ళకి గుడ్డలేల?" అన్నాడు. అందరూ నవ్వారు.

బర్మా గోలీ ఒక్కడే ఆయన తరఫున లేచాడు. అతని తెలుగు వచ్చీరానిది. "మీరు గోల్ లెక్క పెడతారు. మా ఛిన్‌లోన్ ఆట సూడండి, బెత్తంతో అల్లిన బంతి. అందులో గోల్ నేదు, గెలుపు నేదు. బంతి కింద పడకుండా ఎవులు ఉంచినారు, ఆయనే సయా. ఈయన మీ అందరినీ కింద పడకుండా ఉంచినాడు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మేస్త్రీ గారు చుట్టూ చూసి, "అదంతా సరే. ఆఖర్న కాలు ఎనక్కి తీసినాడా నేదా? ఎందుకు తీసినాడు? ఆయన సెప్పడు. ఇంకెవులికైనా తెలిస్తే సెప్పండి" అన్నారు.

లేచాను. నిజంగా లేచాను, ఇది మీరు నమ్మాలి. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. అయినా లేచాను. "మేస్త్రీ గోరూ" అన్నాను. గది అంతా నా వైపు తిరిగింది. నేను తలుపు వైపు చూశాను.

ఆయన చెయ్యి లేచి ఉంది, మొహానికి పక్కగా, చెవి గోక్కుంటున్నట్టు. గుప్పిట మూసి ఉంది.

ఎన్ని వేలసార్లు చూశాను ఆ గుప్పిట! ఓడ మీద ఆ ఒక్కసారి తప్ప ఎప్పుడూ దాటలేదు. ఆ రోజు కూడా దాటలేదు. నా కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

"ఏటి?" అన్నారు మేస్త్రీ గారు.

"ఏటీ నేదు. తమరి మాటే నా మాట" అని కుక్కిన పేనులా కూర్చున్నాను.

మేస్త్రీ గారు మంచివారే. తీర్పు మెత్తగానే చెప్పారు. "మంచి ఆటగాడే, కాదన్ను. గోడ మీద ఎట్టేటంత గొప్పోడని మటుకు సెప్పలేం" అన్నారు. ఫ్రేమ్ ఊరికే పోకూడదని తర్వాత అందులో మేస్త్రీ గారి ఫొటోనే పెట్టారు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఇంకా రాలేదు. భార్య గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"ఏటి బాబూ, పెద్దోళ్ళందరూ కూకోని ఏటి తేల్సినారు? మా ఇంటాయన గొప్పోడా, కాదా?"

ఆవిడకి అంతా తెలుసు. పొద్దున్నా సాయంత్రం ఆ కాలికి ఉప్పునీళ్ళ కాపడం పెట్టింది ఆవిడే. నేను ఏడ్చేశాను. "నానే సెప్పీవలసిందక్కా, సెప్పనిచ్చినాడు కాదు" అన్నాను.

"సెప్పనిచ్చినాడు కాదా?" ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఓలమ్మ! కాలు మీద పెట్టె దించినప్పుడు ఆయన్ని అడిగే దించినావేటి?"

అంతే అంది. మళ్ళీ చేట అందుకుంది. ఇన్నేళ్ళలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆవిడ తిట్టలేదు, అడిగింది.

కొద్దిరోజులకి ఆయన సేక్కాన్ వదిలేసి అహ్లోన్‌లో బియ్యం మిల్లుకి మారిపోయాడు. అక్కడ సైగలతో పనిలేదు, ధాన్యం ఎగదోయడమే. నాకు కొత్త మనిషి వచ్చాడు. చక్కగానే చెయ్యి ఊపేవాడు. నేను ప్రతిసారీ చెయ్యి పూర్తిగా లేచేదాకా చూసి, ఇంకో క్షణం ఆగి, అప్పుడు లివరు కదిపేవాణ్ణి. ఆలస్యం చేస్తున్నాడని తిట్టేవారు. తర్వాత తర్వాత దానికే జాగ్రత్త అని పేరు వచ్చింది. నా జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందని కదా అడిగారు. రెండు వేళ్ళ దగ్గర్నుంచి వచ్చింది.

మరుసటేడు ఆయన ఓడెక్కి మన దేశానికి వెళ్ళిపోయాడు. ఆ ఓడకి నాకే పని పడింది. మెట్లు పక్కకి తిరిగి ఎక్కాడు, కుడికాలి వేళ్ళు వంగవు కాబట్టి. డెక్కు మీద జనంలో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నా వైపే చూస్తున్నాడు. నేను ఆయన చేతుల వైపు చూస్తున్నాను. ఒక చేతిలో మూట, ఒక చెయ్యి కమ్మీ మీద. ఒక్కసారి ఆ గుప్పిట విప్పి అరచెయ్యి కిందికి తడతాడేమో, దించెయ్యరా తమ్ముడూ అంటాడేమోనని ఓడ మలుపు తిరిగేదాకా చూశాను. అనలేదు. కొన్నేళ్ళకి ఆయన పోయాడని ఉత్తరం వచ్చింది. చదివి మడిచి పెట్టుకున్నాను, పనికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత యుద్ధం వచ్చి వెళ్ళింది, సగంమంది ఊళ్ళకి నడిచిపోయారు, ఆ గేంగులో మిగిలింది నేనొక్కణ్ణే. ఇంకా ఎవరి కోసం దాస్తున్నానో తెలియలేదు. లివరు పోతుందన్న భయం లేదు, లివరే లేదు. అలవాటైపోయింది, అంతే. ఆయన ఆగమన్నాడు, ఆగాను. ఒకసారి చెయ్యి చూడకుండా కదిలి ఆయన కాలు తీశాను. ఇంకోసారి చెయ్యి చూసి ఆగిపోయి ఆయన పేరు తీశాను. రెండింట్లో ఏది పెద్ద తప్పని అడిగితే, రెండోదే అంటాను. మొదటిది తుమ్మినంతసేపే.

ఆయన గొప్పవాడా కాదా అని మీరు వాదించుకోండి. ఆటగాళ్ళ గురించి వాదించుకోకపోతే ఆదివారాలు ఎలా గడుస్తాయి? కానీ ఆ ఫైనల్‌ని ఆయన ఖాతాలో వెయ్యకండి. అది నాది. ఆ గుడ్డలు నావి. వెనక్కి తీసిన ఆ కాలు నాది.

ఈ కాగితాలు ఇవ్వడానికి వచ్చే ఆదివారం నేనే వస్తాను. వచ్చి కుర్చీ ఎక్కి నా ఫొటో తీసేస్తాను. పడతాననుకుంటే మీలో ఒకరు కుర్చీ పట్టుకోండి, అడ్డం మాత్రం రాకండి. ఆ మేకుకి పెట్టడానికి ఆయన ఫొటో ఎక్కడా లేదు, దిగనే లేదు. మేకు అలాగే ఉండనివ్వండి. ఎవరైనా ఇక్కడేముండేదని అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఇన్నేళ్ళూ ఆయన గుప్పిట విప్పుతాడని చూశాను. విప్పకుండానే పోయాడు. ఇవాళ నాకు చెయ్యి ఊపినవాళ్ళెవరూ లేరు. అయినా దించేస్తున్నాను.